సైకిలుకు నంబరు కట్టమంటే అంగడోడి మీద పడే పనెంత?

#1 సంతపేట రిమ్ము (నెల్లూరు)

జపాన్లో సైకిలుకు రిజిస్ట్రేషన్ ఉండాది, మన నెల్లూరు, ఒంగోలు కార్పొరేషన్లలో కూడా పెడితే దొంగతనాలు ఆగిపోతాయని గ్రూపుల్లో మెసేజీలు తిరగతా ఉండాయి. పెట్టాలా వద్దా అనేది పక్కన పెడదాం. పెడితే ఆ పని ఎవురు చెయ్యాల? కొత్త సైకిళ్ళు అమ్మే అంగడా, పంచరు అంగడా, పాతవి కొని అమ్మే అంగడా? ఒక్కో బండికి ఎంతసేపు పడతాది, నంబరు యాడ కొట్టాల, తప్పు యాడ జరగతాది? పని తెలిసినోళ్ళు పని గురించే చెప్పండి. సొంత కథలు ఇంకో చర్చలో పెట్టుకోవచ్చు.

#2 లెక్కల పుస్తకం (ఒంగోలు)

ముందు చట్టం సంగతి. తొక్కుడు సైకిలు మోటారు వాహనాల చట్టం, 1988 కిందకు రాదు. ఆ చట్టంలో రిజిస్ట్రేషన్ మోటారు వాహనానికే. కాబట్టి ఆర్టీవో ఆఫీసుకు సైకిలుతో పని లేదు. పెట్టాలంటే మున్సిపల్ దారిలోనే రావాలి. అక్కడ పెట్టే మనుషులు తక్కువ కాబట్టి, "అమ్మేవాడే రాసి పంపాలి" అనే మాట ఎక్కడైనా ముందు వస్తుంది. అసలు చిక్కు అదే. ట్రేడ్ లైసెన్సు రెన్యూవల్‌కు దీన్ని ముడిపెడితే, పది సైకిళ్ళ వివరాలు అప్‌లోడ్ కాలేదని అంగడి కాగితమే ఆగే పరిస్థితి వస్తుంది.

#3 పాత బిళ్ళ (కావలి)

కొత్త ఆలోచనేం కాదిది. మన పెద్దోళ్ళ కాలంలో మున్సిపాలిటీలు సైకిలుకు ఏడాదికోసారి పన్ను కట్టించుకుని బిళ్ళ ఇచ్చేవి. రేకుదో ఇత్తడిదో. ఆకారం ఏడాదేడాదికీ మార్చేవాళ్ళు, ఒకేడు గుండ్రం, ఇంకో ఏడు కోడిగుడ్డు. నంబరు చదివే పని లేకుండా దూరాన్నించే కట్టిందెవరో కట్టనిదెవరో తెలియాలని.

కానీ ఆ బిళ్ళ పన్ను రసీదే గానీ సైకిలుకు గుర్తు కాదు. ఒక నట్టు విప్పితే ఈ బండిది ఆ బండికి పోతాది. ఇప్పుడు స్టిక్కరు అంటున్నారు. స్టిక్కరు గతీ అంతే, పైపెచ్చు మన ఎండకు అంచులు లేస్తాయి, చైనుకు కిరసనాయిలు పెట్టి తుడిచిన గుడ్డ రెండుసార్లు తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి.

#4 దూరపు కొండ (నెల్లూరు, మాగుంట లేఅవుట్)

బయట దేశాల మాటొచ్చింది కాబట్టి, అన్నిట్నీ ఒకే గాటన కట్టకుండా చెప్పుకుందాం.

జపాన్‌లో 1993లో చట్టం సవరించి, 1994 నుంచి సైకిలు యజమాని దొంగతన నివారణ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నారు. చేయించుకోకపోతే జరిమానా లేదు. కొన్న అంగట్లోనే కాగితం నింపి స్టిక్కరు అంటిస్తారు. రుసుము ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా, 600 యెన్ల చుట్టుపక్కల. సైకిలు ఇంకొకరికి ఇస్తే పాతది రద్దు చేసి కొత్తగా రాయించాలి.

అమెరికాలో హొనొలులు ఊళ్ళో చక్రం 20 అంగుళాలు, ఆ పైన ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఒకేసారి 15 డాలర్లు, పేరు మార్పుకు 5 డాలర్లు.

ఆరెగాన్ రాష్ట్రంలో ఉన్నది రిజిస్ట్రేషన్ కాదు, పన్ను. 2018 నుంచి 200 డాలర్లు, ఆ పైన ఉన్న కొత్త సైకిలుకు 15 డాలర్లు. అంగడోడు వసూలు చేసి మూడు నెలలకోసారి లెక్క చెప్పి కట్టాలి. కొలరాడో స్ప్రింగ్స్ ఊళ్ళోనూ ఇట్టాంటిదే, సైకిలుకు 4 డాలర్లు.

తీసేసిన ఊళ్ళూ ఉన్నాయి. టొరంటో 1935లో పెట్టి 1957లో ఎత్తేసింది. పిల్లలు ఊహ తెలియకముందే చట్టం తప్పినవాళ్ళు అవుతున్నారన్నది వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. లాస్ ఏంజెలస్ 2009లో ఎత్తేసింది. స్విట్జర్లాండ్‌లో ఏటా కొని అంటించుకోవాల్సిన సైకిలు స్టిక్కరు (అది బీమాకు సంబంధించింది) 2012 నుంచి లేదు.

జపాన్‌లో ఇది నడుస్తోందంటే స్టిక్కరు గొప్ప కాదు. పోలీసు దారిలో ఆపి నంబరు అడిగి అప్పటికప్పుడే సరిచూసుకునే ఏర్పాటు వెనకాల ఉంది. అది లేకుండా స్టిక్కరు ఒక్కటే తెస్తే మిగిలేది అంగట్లో రాతకోతలు.

#5 పుల్లల మేస్త్రి (నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట)

టైము లెక్క నేను చెప్తా. పెట్టెలో వచ్చిన 28 అంగుళాల బండి ఫిట్టింగుకు సుమారు గంట. ముందు చక్రం 32 పుల్లలు, వెనక చక్రం 40. రెండూ సొట్ట తీసి, గోళీల కప్పులు గ్రీజు పెట్టి బిగించి, కాటర్ పిన్ను కొట్టి, బ్రేకు కట్టలు రిమ్ముకు సరిపెట్టేసరికి అంత టైమూ పోతాది. ఇప్పుడు రిజిస్ట్రేషన్ కలపండి. బండి తిరగేసి నంబరు తుడిచి చదవను 3 నిమిషాలు. కొన్నాయన గుర్తింపు కార్డు, అడ్రసు రాసుకోను 4. ఫోన్లో ఎక్కించి ఓటీపీ వచ్చేదాకా 5, నెట్టు సరిగుంటే. స్టిక్కరు, రసీదు 3. మొత్తం 15.

మామూలు రోజుల్లో ఇది పెద్ద పని కాదు. జూన్‌లో బళ్ళు తెరిచే వారంలో రోజుకు ఆరు బండ్లు పోయే అంగట్లో గంటన్నర పోతాది. ఆ గంటన్నరకు ఒకటిన్నర బండి ఫిట్టింగు ఆగినట్టు. ఇద్దరే పనిచేసే అంగట్లో ఒకడు కాగితాలకు కూర్చుంటే రెండోవాడు హ్యాండిలు పట్టుకునే మనిషి లేక చేతులు ముడుచుకోవాల.

పంచరు అంగడికైతే ఇంకా అన్యాయం. పంచరు పని పావుగంట. వచ్చిన ప్రతి బండికీ నంబరు చూసి రాయాలంటే 5 నిమిషాలు. పనిలో మూడో వంతు రాతకే.

#6 చైను తాళం (ఒంగోలు, కర్నూలు రోడ్డు)

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. దొరికిన సైకిలు ఎవరిదో తెలియక స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టేదాని మాటేంటి? భారతీయ నాగరిక సురక్షా సంహిత 503వ సెక్షను ప్రకారం, సొంతదారు తెలియని సొత్తుకు మేజిస్ట్రేటు ప్రకటన ఇచ్చి ఆరు నెలలు గడువిస్తారు. ఆ ఆరు నెలల్లో "ఇది నాది" అని చూపించడానికి మనవాళ్ళ దగ్గర ఏముంటుంది? "నల్ల సైకిలు, ఎర్ర సీటు కవరు" అంటే ఇస్తారా? నంబరు ఎక్కడో ఒకచోట రాసి ఉంటే ఆ బండి ఇంటికొస్తుంది. పావుగంట పని అని దాన్ని వద్దంటే ఎట్లా?

#7 పుల్లల మేస్త్రి

తాళం అన్నా, నంబరు రాసుండాల, కాదనేదెవురు. మున్సిపాలిటీ కంప్యూటర్లో రాసుండాలనేదాంతోనే మా తగువు. బిల్లు మీద రాసి కొన్నాయన చేతిలో పెడితే ఆ పని అయిపోదా?

#8 లెక్కల పుస్తకం

బిల్లు మీద నంబరు ఎందుకు ఉండటం లేదో కూడా చూడాలి. జీఎస్టీ రూల్సులో రిజిస్ట్రేషన్ లేని మామూలు కొనుగోలుదారుకు బిల్లిచ్చేటప్పుడు, విలువ 50,000 గానీ ఆ పైన గానీ ఉంటేనే పేరు, చిరునామా తప్పనిసరి. సైకిలు ఆ పరిధిలోకి రాదు. అందుకే "సైకిల్ 1" అని రాసి ఇచ్చేస్తున్నారు. ఫ్రేము నంబరు రాయమని ఎవరూ అడగరు, రాయొద్దనీ ఎవరూ అనలేదు.

ఇంకో సంగతి. సరుకు మాత్రమే అమ్మే అంగడికి మన రాష్ట్రంలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఏడాదికి 40 లక్షల అమ్మకం. అదే అంగట్లో రిపేరు కూలి కూడా తీసుకుంటే అది సేవ కిందకొస్తుంది, అప్పుడు 20 లక్షల హద్దు చూసుకోవాలి. చాలా సైకిలు అంగళ్ళు రెండూ చేస్తాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిలు మీదా విడిభాగాల మీదా పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్ను తగ్గింది గానీ రాసే పుస్తకాలు తగ్గలేదు. జీఎస్టీ ఉన్న అంగడి ఆ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. దాని పక్కన ఇంకో రిజిస్టరు, ఇంకో పోర్టలు, ఇంకో పాస్‌వర్డు అంటే చిన్న అంగడికి అదే బరువు.

#9 సంతపేట రిమ్ము

సరే, నంబరు చదివే పని దగ్గరికి రాండి. అది తేలిగ్గా అయ్యే పనేనా? యాడ ఉంటాది, ఎందుకు తప్పు పోతాది?

#10 పుల్లల మేస్త్రి

కంపెనీని బట్టి మారతాది. పాత మోడలు రాడ్డు బండ్లలో సీటు పోలు దూరే చోట లగ్గు (గొట్టాలు కలిసే అతుకు) మీద గానీ, పెడలు ఇరుసు గొట్టం కింద గానీ. ఇప్పటి గేర్ల బండ్లు, పిల్లల బండ్లలో ఎక్కువగా పెడలు ఇరుసు గొట్టం అడుగున. కొన్నిట్లో హ్యాండిలు కింద ముందు గొట్టానికి, కొన్నిట్లో వెనక ఇరుసు పట్టే రేకుకు.

తప్పులు యాడ పోతాయంటే, మొదటిది పెయింటు. నంబరు కొట్టినాక మందంగా పౌడర్ కోటింగ్ వేస్తే గాడి పూడిపోతాది. దాన్ని గీకొద్దు. తెల్ల కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకెలు పైకొస్తాయి. ఆ కాగితాన్నే బిల్లు పుస్తకానికి పిన్ను కొట్టండి, చేత్తో ఎక్కించే పని లేదు. రెండోది, సున్నాకూ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా తెలియదు. మూడోది, ఫోటో ఎదురుగా ఫ్లాషు కొట్టి తీస్తే అంతా మెరుపే. టార్చి పక్కనించి ఏటవాలుగా పట్టి తీస్తే అంకెలకు నీడ పడతాది. నాలుగోది, బండి తిరగేసి చూసేటప్పుడు నంబరు తలకిందులుగా ఉంటాది, 6 కాస్తా 9 అవతాది. ఎటు పక్కనించి చదవాలో చూసుకోండి, మిగతా అక్షరాలు నిలువుగా కనపడే వైపే సరైనది.

అసలు నంబరే లేని బండ్లున్నాయి. విడి ఫ్రేము తెప్పించి అంగట్లోనే కట్టినవాటికి స్టిక్కరు తప్ప కొట్టిన నంబరు ఉండకపోవచ్చు. రూలు రాసే ఆయనకు ఈ సంగతి తెలియాల.

#11 పాత బిళ్ళ

నంబరు లేనోటికి అంగట్లో పంచీ (లోహం మీద అక్షరాలు దించే ఉలి) కొట్టమంటారు చూడండి, అది ఇంకో తంటా. గొట్టం మీద కొట్టారంటే సొట్ట పడతాది, అదే చోట తర్వాత పగులు మొదలవతాది. అల్యూమినియం ఫ్రేముకు పంచీ అసలు ముట్టించకూడదు.

#12 పుల్లల మేస్త్రి

ఇనుప ఫ్రేముకు ఒకే ఒక్క చోటు పనికొస్తాది, పెడలు ఇరుసు గొట్టం అడుగు. అక్కడ లోహం మందం. కానీ ఆ గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్ల దాకా ఉన్నా రెండు చివర్లా లోపల మరలు ఉంటాయి. మరల మీద గట్టిగా కొడితే తర్వాత కప్పు తిరగదు, తిప్పితే మర నలిగిపోతాది. కాబట్టి నడుమ 25 మిల్లీమీటర్లలోనే కొట్టాల. 4 మిల్లీమీటర్ల పంచీ పెద్దదవతాది. 3 మిల్లీమీటర్లది తీసుకుని, వరసకు నాలుగు అక్షరాలు, రెండు వరసలు. కప్పులు బిగించి ఉండగానే కొట్టండి, ఖాళీ గొట్టం మీద వద్దు. కింద చెక్క దిమ్మ పెట్టి, ఒక్కో అక్షరానికి ఒకే దెబ్బ. రెండో దెబ్బకు అక్షరం జంటగా పడతాది.

కొట్టినాక పెయింటు లేచిన చోట తుప్పు తగులుకుంటాది. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి నెల చాలు. పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరినాక రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వెయ్యండి. నంబరు కనపడతా ఉంటాది, తుప్పూ పట్టదు.

ఇదంతా ఇంకో పావుగంట. ఐదొందల బండ్లు ఫ్యాక్టరీలో కొడితే ఎంత ఖర్చు, ఐదొందల అంగళ్ళలో ఒక్కోటీ కొడితే ఎంత ఖర్చు? నంబరు తయారుచేసే చోటే పడాల, ఈ మాట మాత్రం గట్టిగా అడగొచ్చు. రిఫ్లెక్టర్లకు 2020లో కేంద్రం నాణ్యత ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఆ బరువు కంపెనీల దగ్గర పెట్టారు గదా, అట్నే ఇదీ.

#13 చైను తాళం

మేస్త్రి గారూ, ఈ పోస్టు ఒక్కటి ప్రింటు తీసి అంగట్లో అతికించుకోవచ్చు.

సరే, నా వాదన కొంచెం సవరించుకుంటా. అమ్మేటప్పుడు బిల్లు మీద నంబరు ఉంటే నాకూ చాలు. కానీ బిల్లు పోతే? బండి పోయాక స్టేషన్‌కి పోతే "కంప్లైంటు తీసుకున్నాం" అని పంపేస్తున్నారు, ఎఫ్ఐఆర్ కాగితం ఇవ్వరు. రిజిస్ట్రేషన్ ఉంటే ఇస్తారనే ఆశ.

#14 లెక్కల పుస్తకం

అక్కడే చాలామంది పొరపడుతున్నారు. ఎఫ్ఐఆర్‌కూ రిజిస్ట్రేషన్‌కూ సంబంధం లేదు, అడ్డం వచ్చేది విలువ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షను. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉంటే అది నాన్ కాగ్నిజబుల్. అంటే వివరాలు పుస్తకంలో రాసుకుంటారు గానీ, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. మొదటిసారి దొరికినవాడు సొత్తో దాని విలువో తిరిగిచ్చేస్తే వేసే శిక్ష సమాజ సేవ.

మన బండ్లలో ఎక్కువ భాగం ఆ గీత చుట్టే ఉంటాయి. 5,400కి కొన్న సైకిలు మూడేళ్ళు తొక్కాక దాని విలువ ఎంతని? కాబట్టి కొత్త బండికైతే బిల్లు మీద అసలు ధర, తాళం, క్యారియరు, బుట్ట అన్నీ కలిపి సరిగ్గా రాయించుకోవాలి. "సర్దుకుందాంలే" అని 4,500కి బిల్లు రాయించుకున్నాయన తర్వాత తానే చిక్కుకుంటాడు. ఒక మినహాయింపు: ఇంట్లోకి వచ్చి ఎత్తుకుపోతే అది 305వ సెక్షను, అక్కడ ఈ 5,000 లెక్క రాదు. దరఖాస్తులో సైకిలు ఎక్కడ పెట్టి ఉందో స్పష్టంగా రాయండి, "ఇంటి దగ్గర" అని పొడిగా రాయొద్దు.

#15 సెకండ్ హ్యాండ్ సెంటరు (నెల్లూరు)

పాత బండ్ల అంగళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. రిజిస్ట్రేషన్ వస్తే అందరికంటే ఎక్కువ దెబ్బ మాకే. కొత్త బండికి ఒకసారి రాస్తే సరి. పాత బండికి కొన్నప్పుడోసారి, అమ్మినప్పుడోసారి. మధ్యలో పాత పేరు రద్దయ్యేదాకా బండి అంగట్లోనే నిలవాలి. తెచ్చినాయన మూడో చేతివాడైతే మొదటి పేరున్న మనిషిని యాడని వెతికేది? 2,000 రూపాయల బండికి ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారు. పాత ఇనుప అంగడికి తూకానికి పోతాది, లేకపోతే కాగితం లేకుండా సందులో చేతులు మారతాది. రూలు పెట్టింది దొంగసొత్తును ఆపడానికే అయితే అది సరిగ్గా ఆ సందులోకే పోతాది.

అట్టాగని పుస్తకం లేకుండా కొనమని కాదు. న్యాయ సంహిత 317వ సెక్షనులో దొంగసొత్తని తెలిసి గానీ, అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ తీసుకుంటే మూడేళ్ళ దాకా శిక్ష. ఆ "తగిన కారణం" అనే మాటే అంగడోణ్ణి పట్టిస్తాది. తాళం కడ్డీ కోసిన గుర్తు, నంబరు దగ్గర ఆకురాయి పెట్టిన గీతలు, ఒక్క చోట మాత్రమే కొత్త పెయింటు, సగం ధరకే ఇస్తానని తొందరపెట్టడం, ఇంటి పెద్ద లేకుండా పిల్లోడు తేవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వద్దనండి.

కొనేటప్పుడు మా పుస్తకంలో ఉండేవి: తేదీ, ఫ్రేము నంబరు, కంపెనీ, చక్రం సైజు, రంగు, గుర్తుపట్టే ఒక లోపం (వెనక మడ్‌గార్డు వెల్డింగు అట్టా), ఇచ్చిన డబ్బు, అమ్మినాయన పేరు, ఫోను, సంతకం. డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో పంపితే ఆ నంబరే సాక్ష్యం. బండి పక్కన నిలబడ్డ ఫోటో ఒకటి. అంతే, మూడు నిమిషాలు.

#16 ఎర్ర అద్దం (ఒంగోలు)

ఆధార్ జిరాక్సు తీసుకోరా?

#17 లెక్కల పుస్తకం

తీసుకోకండి. సైకిలు అంగట్లో సంచి నిండా ఆధార్ జిరాక్సులు పెట్టుకుంటే, అవి పోయిన రోజు ఎవరికి జవాబు చెప్తారు? గుర్తింపు చూడాలనుకుంటే కార్డు చూసి తిరిగిచ్చెయ్యండి. కాపీ తప్పదంటే చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ళ లోపు వాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. సైకిళ్ళు కొనేది ఎవరికోసం? బళ్ళోకి పోయే పిల్లలకోసమే. పిల్లల పేరుతో పోర్టల్లో ఎక్కించమంటే ఆ అనుమతి తీసుకునే పని కూడా అంగడి మీదే పడుతుంది. బిల్లు ఎప్పుడూ పెద్దవాళ్ళ పేరుతోనే రాయండి.

#18 దూరపు కొండ

పిల్లల మాటొచ్చింది గనక, ప్రభుత్వం బళ్ళలో పంచిన సైకిళ్ళు చూడండి. బడికొస్తా పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చినవి ఒకే కంపెనీ, ఒకే రంగు అయితే బడి స్టాండులో యాభై బండ్లు పక్కపక్కన పెట్టినప్పుడు పిల్లలే తమది పోల్చుకోలేరు. ఇట్టాంటి చోట రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హెడ్మాస్టరు దగ్గర హాజరు వరస నంబరు పక్కన ఫ్రేము నంబరు ఒక కాలమ్‌లో రాసుకుంటే సరి. ఒక పీరియడు పని, అంగడికి సంబంధం లేదు.

#19 బ్యాటరీ బావ (నెల్లూరు, మినీ బైపాస్)

కరెంటు సైకిళ్ళ మాట ఎవరూ ఎత్తలేదే? నిజంగా అంగడోడు చిక్కుకునేది ఇక్కడ, ఎప్పుడో వచ్చే రూలు కాదు, ఇప్పుడే ఉండాది. "రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అని బోర్డు పెట్టి అమ్మేవన్నీ మినహాయింపులోకి రావు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 2వ నియమం (యు) చూడండి. పెడలుకు సాయపడే సైకిలైతే మోటారు ముప్పై నిమిషాల పవరు 250 వాట్ల లోపు ఉండాల. వేగం 25 కిలోమీటర్లకు చేరేలోపు మోటారు సాయం తగ్గతా వచ్చి ఆగిపోవాల, తొక్కడం ఆపినా ఆగిపోవాల. బ్యాటరీ లేకుండా బరువు 60 కిలోలు మించకూడదు. ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనక ఎర్రది, తగిన బ్రేకులు. వీటన్నిటితో పాటు పరీక్ష చేసే సంస్థ ఇచ్చిన టైప్ అప్రూవల్ కాగితం. ఆ కాగితం కాపీ డీలరు నుంచి తీసుకుని మోడలు వారీగా ఫైల్లో పెట్టుకోండి. అది ఇవ్వలేనోడి సరుకు తీసుకోవద్దు.

తప్పు యాడ జరగతాదంటే, మోటారును అదుపు చేసే కంట్రోలరులో వేగం హద్దు తీగ ఒకటి జత చేసి ఉంటాది. కొన్నాయన అడిగాడని దాన్ని విప్పితే బండి 35, 40 పోతాది. ఆ క్షణం నించి అది మోటారు వాహనం. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపినందుకు మోటారు వాహనాల చట్టం 192వ సెక్షనులో మొదటిసారి 2,000 నుంచి 5,000 దాకా జరిమానా నడిపిన వాడికి. మార్చిచ్చిన డీలరు మీద 182ఏ ఉండాది, ఒక్కో బండికి లక్ష రూపాయల జరిమానా, లేకపోతే ఏడాది దాకా జైలు, లేకపోతే రెండూ. వంద రూపాయల కూలికి ఎవురన్నా ఆ పని చేస్తారా?

పాత బండికి మోటారు కిట్టు బిగించే వాళ్ళకు ఇంకో మాట. అంగట్లో కట్టిన కిట్టు బండికి టైప్ అప్రూవల్ ఉండదు. పైగా ముందు చక్రంలో మోటారు పెడితే ఫోర్కు చివర్ల రేకు తెరుచుకుని ఇరుసు తిరిగిపోతాది, తీగ తెగతాది. టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరగకుండా పట్టే పట్టీ) లేకుండా బిగించొద్దు.

#20 సెకండ్ హ్యాండ్ సెంటరు

బావా, పాత కరెంటు సైకిలు అమ్మకానికొస్తే ఏం చూడాల?

#21 బ్యాటరీ బావ

స్టాండు వేసి వెనక చక్రం లేపి పెడలు తొక్కకుండా థ్రాటిలు తిప్పు. తిప్పగానే లాగిందంటే అది పెడలు సాయం బండి లెక్కలోకి రాదు, వేరే మినహాయింపు చూసుకోవాల, దానికీ కాగితం ఉండాలి. ఆమీట మోటారు మీద కొట్టిన వాట్లు, కంట్రోలరు దగ్గర విప్పదీసి టేపు చుట్టిన తీగలు చూడు. కాగితం లేకపోతే సైకిలు ధర ఇచ్చి మోటారు, బ్యాటరీ విప్పించి కొను.

#22 పాత బిళ్ళ

ఫ్రేము మార్పిడి గురించి కూడా రాసుకోండయ్యా. బరువులు మోసే బండ్లకు ఫ్రేము సీటు లగ్గు దగ్గర విరగడం మామూలే. చక్రాలు, హ్యాండిలు, సీటు అన్నీ పాతవే ఉంచి ఫ్రేము ఒక్కటి మారుస్తాం. సొంతదారుకు అది అదే బండి. పుస్తకంలో మాత్రం వేరే బండి. జపాన్ పద్ధతిలో పోతే పాతది రద్దు, కొత్తది రాయింపు, మళ్ళీ రుసుము. ఫ్రేము మార్చే కూలి కంటే అదే ఎక్కువవతాది. రూలు రాసేవాళ్ళు దీనికి ఏం చెప్తారు?

#23 చైను తాళం

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఫోనుకు ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు ఒక్కో నంబరు) ఉన్నట్టు సైకిలుకూ అనుకున్నా. కానీ ఫోను వెలిగినప్పుడల్లా ఆ నంబరు నెట్‌వర్కుకు తనంత తానే చెప్పుకుంటుంది, పోయిందని ప్రభుత్వ పోర్టలు సీఈఐఆర్‌లో పెడితే బ్లాకవుతుంది. సైకిలు నంబరు ఎవరో ఒకరు వంగి చూస్తేనే తెలిసేది. వంగి చూసే ఆ మనిషి పంచరు అంగడోడే అవుతాడు, జీతం లేకుండా.

అయితే నేననేది ఇంతే: అమ్మే అంగడి బిల్లు మీద నంబరు తప్పనిసరి చెయ్యండి. వసూళ్ళు, పోర్టలు, రిపేరు అంగడి తనిఖీ వద్దు. దీనికి ఎవరికైనా అభ్యంతరమా?

#24 సంతపేట రిమ్ము

నాకు లేదు. తప్పనిసరి చెయ్యకపోయినా రేపట్నించే రాయొచ్చు, ఎవురు ఆపారు. బిల్లు పుస్తకం ఈసారి అచ్చు వేయించేటప్పుడు "ఫ్రేము నంబరు", "తాళం నంబరు" అని రెండు గీతలు అదనంగా పెట్టించండి. తాళం చెవి మీద నంబరు ఉంటే అదీ రాయండి, చెవి పోతే కొత్తది తెప్పించను పనికొస్తాది. కొన్నాయన ఫోన్లోనే మూడు ఫోటోలు తీసివ్వండి: బండి మొత్తం చైను వైపు నించి, నంబరు దగ్గరగా, బిల్లు. ఆ మూడూ ఆయన వాట్సాప్‌లో ఆయనకే పంపుకోమనండి. బిల్లు పోయినా ఫోటో ఉంటాది, ఫోను మారినా దొరకతాది.

మేస్త్రీ, ఒక్కటి అడగాల. గేర్ల బండికి అడుగున చూస్తే నంబరే కనపడదు, నల్ల ప్లాస్టిక్ ముక్క అడ్డముంది. అది పగలగొట్టాలా?

#25 పుల్లల మేస్త్రి

పగలగొట్టొద్దు సామీ! అది గేరు తీగలు పోయే గైడు. ఒకే ఒక్క స్క్రూ ఉంటాది, నడుమ. వెనక గేరు చిన్న పళ్ళ చక్రం మీదకు దించు, తీగ వదులవతాది. స్టార్ స్క్రూడ్రైవరుతో మూడు నాలుగు చుట్లు వదులు చేస్తే చాలు, పూర్తిగా తియ్యొద్దు. ముక్క పక్కకు జరిపి నంబరు చూసుకో, మట్టి ఉంటే పాత టూత్ బ్రష్షు. మళ్ళీ బిగించేటప్పుడు తీగలు రెండూ గాడిలో కూర్చున్నాయా లేదా వేలితో తడుముకో. ఒకటి గాడి బయటుంటే నాలుగు రోజులకు గేరు పడదని బండి మళ్ళీ నీ అంగడికే వస్తాది.

#26 సంతపేట రిమ్ము

కనపడింది. తొమ్మిది అంకెలు, చివరిది ఆరో తొమ్మిదో తేల్చుకుంటా ఉండా.